రేకుల గోడౌన్‌లో వేగావతి

పోయిన వారం సింధూరిని మనం విజయనగరం గంటస్తంభం దగ్గర, సీతారామారావు గారి షోరూం మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పక్కన తండ్రి గణపతిరావు, భుజాన సంచి, సంచిలో వేగావతి.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. సాలూరులో లారీల రేడియేటర్లు బాగుచేసే గణపతిరావు కూతురు సింధూరి. ఇంజనీరింగు చదివి, మూడేళ్లు తంటాలు పడి, రెండు చేతుల్లో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కంప్యూటర్ తయారుచేసింది. ఊరి పక్కన పారే ఏటి పేరే దానికి పెట్టుకుంది. ఇలాంటి మిషన్లు ఇప్పుడు లోకంలో పుట్టగొడుగుల్లా వస్తున్నాయి. ఒకడు తెర పెంచితే ఇంకొకడు బ్యాటరీ పెంచుతాడు, మూడోవాడు బరువు తగ్గిస్తాడు, ఆర్నెల్లు తిరిగేసరికి అన్నీ పాతబడిపోతాయి. అంత పరుగులోకి సాలూరు పిల్ల దిగిందంటే నవ్వినవాళ్లే ఎక్కువ. నవ్వనివాడు సీతారామారావు ఒక్కడే. శ్రీకాకుళం నుంచి శృంగవరపుకోట దాకా నాలుగు షాపులున్న ఆ షావుకారు కబురు పెట్టాడు. దసరాకి తన అద్దాల బీరువాల్లో ఒకే రకం మిషన్ ఉంటుంది. వేగావతా, ఆర్బిటన్ కంపెనీ వాళ్లదా అన్నది రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాకే తేలుస్తాడు. ఆయన కాదంటే ఈ మూడు జిల్లాల్లో ఇంకే షాపువాడూ వేగావతి మొహం చూడడు. మూడేళ్ల కష్టం ఏట్లో కలిసినట్టే. మెట్లెక్కుతూ సింధూరి తలుచుకున్నది అదే.

షోరూంలో ఏసీ చల్లగా ఉంది. ఆర్బిటన్ తరఫున వచ్చిన ఆనంద్‌కుమార్ అప్పటికే లాప్‌టాప్ తెరిచి గీతలూ బొమ్మలూ చూపిస్తున్నాడు. చక్కటి చొక్కా, చక్కటి మాట. మనిషి చెడ్డవాడేం కాదు, తన సరుకు మీద తనకు నమ్మకం ఉంది, అంతే. ఆయన ముందు బల్ల మీద ఆర్బిటన్ స్లీక్ తళతళలాడుతోంది. దాని పక్కన సింధూరి తన వేగావతిని పెట్టింది. బూడిద రంగు, భుజాల దగ్గర కాస్త లావు.

"టిఫిన్ బాక్స్ అనుకున్నాను మేడం," అన్నాడు ఆనంద్‌కుమార్ నవ్వుతూ.

"అందులో ఏం ఉందో మూత తీశాక తెలుస్తుంది," అంది సింధూరి.

సీతారామారావు ఆ గీతలన్నీ ఓపిగ్గా చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాబూ, ఈ పరీక్షలన్నీ తమరు ఎక్కడ సేసినారు?"

"బెంగళూరులో మా ల్యాబ్‌లో సార్. సరిగ్గా ఇరవై ఐదు డిగ్రీల్లో."

"అదీ సంగతి. నా షాపులో కొన్న నరసన్నపేట కుర్రోడికి ఆ ల్యాబ్ నేదు కదా. పదండి మేడమీదికి."

మేడమీద ఉన్నది గోడౌన్. పైన సిమెంటు రేకులు, కింద కుక్కర్ల పెట్టెలు, మధ్యలో ఉక్కపోత. మే నెల పదకొండు గంటలకి ఆ రేకుల కింద నిలబడితే మనిషికే మతి చలిస్తుంది, మిషన్ సంగతి చెప్పాలా? ఉన్న ఒక్క ఫ్యానూ షావుకారే కట్టేశాడు. ఆనంద్‌కుమార్ ఏదో అనబోయాడు గాని, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా నాన్న మిక్సీలు అమ్మిన రోజుల్నుంచీ మాది ఇదే పద్ధతి. కొన్నోడి ఇంట్లో ఎలాగుంటాదో అలాగే సూడాలి. ఏసీలో అన్నీ బంగారాలే."

పరీక్ష సులువుగానే ఉంది. రెండు మిషన్లలోనూ ఒకే కార్ల పందెం, ఒకే దారి, ఆట తనంతట తాను తిరుగుతూ ఉంటుంది. తెర మూల సెకనుకి ఎన్ని బొమ్మలు కదులుతున్నాయో అంకె కనిపిస్తుంది. అరవై ఉంటే ఆట నీళ్లలా సాగుతుంది. వేడెక్కిన కొద్దీ మిషన్ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, అంకె పడిపోతుంది. రెండు గంటలు. ఎవరూ ముట్టుకోకూడదు. పావుగంటకోసారి షావుకారు మనవరాలు పింకీ మాత్రం ఒక్కో మిషన్ తీసుకుని ఒక చుట్టు ఆడి చూస్తుంది. పింకీకి పద్నాలుగేళ్లు. ఆటల విషయంలో ఆ ఇంట్లో తాతగారి మాట చెల్లదు, ఆ పిల్ల మాటే చెల్లుతుంది.

అరగంట దాకా ఇటు అరవై, అటు అరవై. గణపతిరావు పెట్టె మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ముప్పావుగంటకి వేగావతి అంకె యాభై రెండైంది. సింధూరి తప్పు చూశాననుకుంది. మళ్లీ చూసింది. నలభై ఏడు. పక్కన స్లీక్ అరవై దగ్గర దర్జాగా ఉంది.

"అక్కా, బండి బురదలో పోతన్నట్టున్నాది," అంది పింకీ బొటనవేళ్లు ఆడిస్తూ.

నలభై ఒకటి. ఇంటి దగ్గర పెరటి ఎండలో నాలుగు గంటలు ఆడించినా యాభై ఐదుకు దిగని మిషన్ అది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో గెలిచిందే, మరి రచ్చకొచ్చి ఇదేం పాడు పని?

ఆనంద్‌కుమార్ లాప్‌టాప్ మూశాడు. "సార్, గంట కూడా కాలేదు. ఇంకా చూడాలంటారా?"

అప్పుడు గణపతిరావు లేచాడు. మిషన్‌కి జానెడు దూరంలో చెవి పెట్టి కళ్లు మూసుకున్నాడు. లారీ బానెట్ ముందు వంగినప్పుడు ఆయన అలాగే వంగుతాడు.

"అమ్మలూ, ఈల ఇనబడతన్నాదా? గాలి లోపలికి పోతన్నాది గాని బయటికి రావట్లేదు. ఎక్కడో నోరు మూసుకుపోనాది."

సింధూరి ముట్టుకోకుండానే వంగి వెనక వైపు చూసింది. గాలి బయటికి పోయే సన్నటి గీతల్లాంటి సందుల్లో పచ్చగా ఏదో గడ్డకట్టి ఉంది. ఒక్క క్షణం అదేమిటో అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పసుపు!

సాలూరులో కొత్త లారీ మొదటి ట్రిప్పుకి బయలుదేరాలంటే బానెట్‌కి పసుపు పూసి, కుంకం బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించందే కదలదు. తల్లి మహాలక్ష్మమ్మ తెల్లారే స్నానం చేసి వేగావతికీ ఆ మర్యాదంతా చేసింది. ముద్ద పసుపు తీసుకుని మూడు వేళ్లతో దాని వీపు మీద నిండుగా పూసింది. టైర్లు లేవు కాబట్టి నిమ్మకాయ సంచి కింద పెట్టి తొక్కించింది. సింధూరి చూసింది, అమ్మ ముచ్చట కదా అని ఊరుకుంది. బస్సులో కూర్చున్నాక చున్నీ చెంగుతో గట్టిగా తుడిచేసింది. పైకి శుభ్రమైపోయింది. పసుపంతా గీతల్లోకి దూరింది. తల్లి పూసింది సరే, లోపలికి తోసింది మాత్రం ఇంజనీరింగు చదివిన తనే.

సిగ్గుతో ఒళ్లు మండింది. సెన్సార్ తప్పు చూపిస్తోందనో, బ్యాటరీ సరిగ్గా ఎక్కలేదనో ఒక మాట అనేసి ఇంకో రోజు అడగవచ్చు. షావుకారు ఇస్తాడు కూడా. కానీ అబద్ధంతో అమ్మిన మిషన్‌ని రేపు ఏ మొహంతో బాగుచేస్తుంది?

"షావుకారు గారూ, తప్పు మాదే," అంది. "మా అమ్మ దీనికి లారీ పూజ చేసింది. పసుపు నేను సరిగ్గా తుడవలేదు. గాలి దారి మూసుకుపోయింది."

పింకీ పకపకా నవ్వింది. ఆనంద్‌కుమార్ కూడా నవ్వాడు గాని వెంటనే సర్దుకున్నాడు.

"నాకు సానుభూతి ఉంది మేడం. కానీ రూలు రూలే. ముట్టుకోకూడదు."

"ముట్టుకోను సార్. ఒక్క మాట అడగనివ్వండి." సింధూరి షావుకారు వైపు తిరిగింది. "ఇవాళ పసుపు. రేపు మీ దగ్గర కొన్నవాళ్ల ఇంట్లో పిండి పడుతుంది, సున్నం పడుతుంది, రోడ్డు దుమ్ము పడుతుంది. అద్దాల బీరువా దాటాక దేని నోట్లో అయినా ఏదో ఒకటి పడక మానదు. పడిన రోజున అది పట్టుకుని ఎవరి దగ్గరకొస్తారు?"

సీతారామారావు సమాధానం వెతుక్కోనక్కర్లేదు. నలభై ఏళ్లుగా ఆ సమాధానం ఆయన కౌంటరు ముందు నిలబడి అరుస్తోంది.

"నా పీక మీదికొస్తారు," అన్నాడు. లేచి, కుక్కర్ పెట్టె మీద పేరుకున్న దుమ్ము రెండు వేళ్లతో తీశాడు. ఎవరూ కాదనేలోపు స్లీక్ వెనక గీతల్లోకి ఉఫ్ అని ఊదేశాడు.

"సార్!" అన్నాడు ఆనంద్‌కుమార్.

"ఇప్పుడిద్దరూ సమానం. రూలు నాది, మారుస్తన్నాను. ఇప్పి, తుడిసి, మళ్లీ నడిపించండి. ముందు తమరు, బాబూ."

ఆనంద్‌కుమార్ మిషన్‌ని అటూ ఇటూ తిప్పాడు. విప్పడానికి దానికి మర ఒక్కటీ లేదు. సన్నగా ఉండాలని చుట్టూ అంటించేశారు.

"ఇది బయట విప్పేది కాదు సార్. విప్పితే వారంటీ పోతుంది. బెంగళూరు పంపిస్తే ఇరవై రోజుల్లో..."

"ఆ ఇరవై రోజులూ నా కౌంటర్లో ఎవరు కూకుంటారు, తమరా?"

సింధూరి సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరూ పాత పళ్ల బ్రష్షూ తీసింది. తను విప్పలేదు. పింకీ చేతికిచ్చింది.

"నేనా అక్కా?"

"నువ్వే. నాలుగు మరలు. ఆట ఆపకు, వెనక మూత ఒక్కటే ఊడుతుంది."

పింకీ నాలుక బయటపెట్టి, ఒక్కో మరా తిప్పింది. గాలి దారి మీది మూత అగ్గిపెట్టె అరలా చేతిలోకి వచ్చేసింది. లోపల చిన్న ఫ్యాను, దాని వెనక వెంట్రుకంత సన్నని రాగి రేకులు వరసగా మెరిశాయి. ఆ పిల్ల గీతల్లోని పసుపు బ్రష్షుతో రాల్చి, ఒకసారి ఊది, మూత బిగించింది. మూడు నిమిషాలు పట్టిందేమో. అందరూ తెర మూలకే చూస్తున్నారు. నలభై ఒకటి. నలభై ఆరు. యాభై మూడు. యాభై ఎనిమిది. అరవై.

పింకీ కేక పెట్టింది. గణపతిరావు పెట్టె మీద మళ్లీ కూర్చుని, ఏమీ ఎరగనట్టు తువ్వాలు దులుపుకున్నాడు.

తరవాతి గంట చెప్పుకోనక్కర్లేదు. రేకుల మీద ఎండ ముదిరిన కొద్దీ స్లీక్ అలసిపోయింది. దుమ్ము చిటికెడే, దానికంత బలం లేదని ఆనంద్‌కుమార్‌కీ తెలుసు. అసలు పలచటి ఒంట్లో వేడి పోయే చోటే లేదు. యాభై, నలభై ఐదు, చివరికి ముప్పై ఎనిమిది. పింకీ ఒకసారి పట్టుకుని, "అమ్మో, కాలతన్నాది," అని కింద పెట్టేసింది. వేగావతి రెండు గంటలూ నిండేసరికి యాభై తొమ్మిది దగ్గర ఉంది. నవ్విన నాపచేనే పండిందంటే ఇదే. మూడేళ్లుగా తనను చూసి నవ్వినవాళ్లందరినీ పేరుపేరునా ఆ గోడౌన్‌లోకి పిలిచి ఆ అంకె చూపించాలనిపించింది సింధూరికి. అనిపించనీండి. ఆ మాత్రం గర్వపడే హక్కు సంపాదించుకుంది.

"అయిపోనాది. దసరాకి నా నాలుగు షాపుల్లోనూ వేగావతే," అన్నాడు సీతారామారావు. "పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజుకి రెండొందలు నా బీరువాల్లో ఉండాలి." ఆ వెంటనే గణపతిరావు భుజం మీద చెయ్యేశాడు. "ఏమయ్యా గణపతీ, లారీ రేడియేటర్ని గుప్పిట్లోకి తెచ్చీసినావు. సేతి పనంటే నీదే."

సింధూరి నవ్వింది గాని లోపల చిన్న ముల్లు గుచ్చుకుంది. మూడేళ్లుగా వింటున్న మాటే ఇది. ఎవరు చూసినా తండ్రి చేతిపని అంటారు. తండ్రి అవుననడు, కాదనడు, ఆమెను ఒక్క మాట మెచ్చుకున్నదీ లేదు. సర్లే, ఎవరి పేరైతేనేం, మిషన్ గెలిచింది కదా అని సర్దుకుంది.

అంతలో ఆమె ఫోను మోగింది. హైదరాబాద్ నుంచి, చిప్పులు సరఫరా చేసే ఆఫీసు. రెండు నిమిషాలు విని, "మాకిస్తామని మాటిచ్చారు కదండీ," అంది. ఇంకో నిమిషం విని ఫోను దించింది.

"ఏటయ్యింది?" అన్నాడు గణపతిరావు.

"చిప్పుల్లేవంట నాన్నా. ఈ ఏడాదికి వచ్చే సరుకంతా నిన్న ఎవరో బుక్ చేసేశారంట."

మిషన్‌కి చిప్ అంటే లారీకి ఇంజను. అది లేకపోతే రెండొందలు కాదు కదా, రెండు కూడా తయారవవు.

"ఎవరో కాదు మేడం, మేమే," అన్నాడు ఆనంద్‌కుమార్. గొంతులో ఎగతాళి లేదు. కుర్చీ లాక్కుని గణపతిరావు ఎదురుగా కూర్చున్నాడు. "దాచను సార్. వేడి విషయంలో రెండేళ్లుగా మా ఇంజనీర్లు నలభై మంది తల బద్దలు కొట్టుకుంటున్నారు. మీ మిషన్‌ని చల్లబరిచే ఆ రాగి రేకుల కూలర్ గురించి విన్నాను, ఇవాళ కళ్లారా చూశాను. ఆ కూలర్ మాకివ్వండి. మీకు కావలసిన చిప్పులు మేమిస్తాం. మీ పేరు మా మిషన్ పెట్టె మీద వేస్తాం. గణపతిరావు కూలర్ అని దేశమంతా చదువుతారు."

గణపతిరావు కాసేపు తన అరచేతుల వంక చూసుకున్నాడు. టంకం చుక్కలు పడి కాలిన మచ్చలు వాటి నిండా ఉన్నాయి.

"బాబూ, తమరు తప్పు మనిషిని అడుగుతన్నారు," అన్నాడు. "అది నాను సేసింది కాదు. నాను సేసినవి రెండున్నాయి. లారీదే సిన్నది సేసి పెట్టినాను. ఒకటి బరువెక్కిపోనాది, ఇంకోటి లోపలున్నదంతా మాడ్సీసింది. ఇది గీసింది నా కూతురు. రేకు ఎంత మందం, ఎంత దూరం, గాలి ఏ మూల నుంచి తిరగాల, అన్నీ కాగితం మీద అదే లెక్క కట్టింది. నాను టంకం పెట్టినాను, అంతే. పన్నెండేళ్లబట్టి రేడియేటర్లు సేస్తన్నాను, ఇలాగ సెయ్యొచ్చని నాకు తట్టనేదు. దానికి తట్టింది. అడిగితే దాన్నడగండి."

తర్వాత షావుకారు వైపు తిరిగి, "తమరు కూడా ఇన్నారు కదా," అని చేర్చాడు.

సింధూరికి కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. అరవై అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం దీని ముందు ఏపాటిది! నాన్న నలుగురిలో, తెల్ల చొక్కాల ముందు, నా కూతురు అన్నాడు. ఇంకెవరు మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా ఒకటే.

ఇంకో కుర్చీ లాక్కుని ఆనంద్‌కుమార్ ఎదురుగా కూర్చుంది.

"కూలర్ ఇవ్వను సార్. పందెం కడతాను."

"మేడం, ఇది వ్యాపారం."

"విజయనగరంలో పందెం నేని వ్యాపారం ఏటి బాబూ?" అన్నాడు సీతారామారావు హుషారుగా.

"వచ్చే ఆదివారం సాలూరు రండి," అంది సింధూరి. "లోడు లారీ క్యాబిన్‌లో, ఇంజను పక్కనే రెండు మిషన్లూ పెడదాం. మిట్టమధ్యాహ్నం ఒడిశా వైపు కొండెక్కే సుంకి ఘాట్ రోడ్డు ఎక్కిద్దాం. కింద మొదలుపెట్టి పైదాకా ఆట ఆగకూడదు. మాది ఆగిపోయి మీది నిలబడితే నా కూలర్ మీది, గీసిన కాగితాలతో సహా. మాది నిలబడితే చిప్పులు మీరు కొన్న ధరకే మాకిస్తారు."

పౌరుషం ఆనంద్‌కుమార్‌కీ ఉంది.

"సరే. కానీ ఇది తీసుకురాను. దసరాకి రాబోయే మా కొత్త మోడల్ తెస్తాను. ఇంకా లోకం చూడనిది. ఇవాళ మీరు చూసిన లోపాలు దాంట్లో చాలా వరకు లేవు."

"అదే తీసుకురండి."

"లారీ మీ ఊరిది కాబట్టి డ్రైవర్ మాత్రం నా మనిషి."

సింధూరి సరే అనబోయింది. ఈలోగా వెనకనుంచి గణపతిరావు గొంతు వినిపించింది.

"తమరి మనిషి పక్కన కూకుని కాపలా కాసుకోమనండి. లారీ నాను నడుపుతాను."

సింధూరి గిర్రున వెనక్కి తిరిగింది. పన్నెండేళ్ల కిందట ఇదే గణపతిరావు లారీ డ్రైవరు. సుంకి ఘాట్ మీద ఒక మలుపులో లోడు లారీని ఆపేసి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని సాలూరు దాకా నడిచి వచ్చేశాడు. ఆ మర్నాడే రేడియేటర్ల పని మొదలుపెట్టాడు. మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. ఆ మలుపులో ఏం జరిగిందో మహాలక్ష్మమ్మ అడిగింది, ఓనరు అడిగాడు, పోలీసులు కూడా ఒకసారి వచ్చి అడిగారు. ఎవరికీ చెప్పలేదు.

"నాన్నా, నువ్వా? ఆ ఘాట్ మీదా?"

"నా కూతురు పందెం కాసింది. ఇంకోడి సేతికి స్టీరింగిచ్చి నాను కింద కూకుంటానేటి?" అన్నాడు గణపతిరావు. తువ్వాలు భుజాన వేసుకుని మెట్ల దాకా వెళ్లాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"దిగొచ్చినప్పుడు ఆ మలుపుకాడ బండి ఆపుతాను. అక్కడ నీకు ఒక మనిషిని సూపించాల."